దత్తత వచ్చిన గినీ పిగ్‌కు వయసు కట్టడం ఎలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో గినీ పిగ్‌ల గురించినవే ఎక్కువ. చాలావాటిలో ప్రశ్న ఒకటే, అడిగిన తీరు వేరు. అందుకని ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాం.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా ఎదురింటివాళ్ళు బెంగళూరు మారిపోతూ వాళ్ళ గినీ పిగ్‌ను మా అబ్బాయికి ఇచ్చి వెళ్ళారు. మగది. షాపులో కొన్నప్పుడు "రెండు నెలల పిల్ల" అన్నారట. ఎప్పుడు కొన్నారంటే "పోయినేడో, అంతకుముందో" అంటున్నారు. వంటింటి త్రాసు మీద పెడితే 820 గ్రాములు తూగింది. దీని వయసెంతో చెప్పగలరా?
– కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: 820 గ్రాములు ఒక్క సంగతి చెబుతుంది. ఇది పిల్ల కాదు, కనీసం ఐదారు నెలలు నిండి ఉంటాయి. ఆపైన ఏడాదా, నాలుగేళ్ళా అన్నది త్రాసుకు తెలియదు. ఎదగడం ఆగిపోయాక వీటి బరువు ఏళ్ళ తరబడి దాదాపు ఒకేచోట నిలుస్తుంది.

జంతువును పరీక్షించే ముందు మీ ఎదురింటివాళ్ళ ఫోన్లు పరీక్షించండి. గ్యాలరీలో దాని మొట్టమొదటి ఫొటో వెతకమనండి, తేదీ అక్కడే ఉంటుంది. షాపులో ఫోన్‌పేతోనో గూగుల్ పేతోనో డబ్బు కట్టి ఉంటే ఆ చెల్లింపు తేదీ ఇంకా గట్టి ఆధారం. ఆ ఫొటోలో జంతువు అరచేతిలో సరిపోయేలా ఉంటే అప్పటికి ఐదారు వారాలు మించవు. రెండు చేతులూ పట్టేంత ఉంటే మూడు నెలలు దాటి ఉంటుంది. కొన్న తేదీ నుంచి ఆ వారాలు వెనక్కి లెక్కపెడితే, ఏ డాక్టరూ కట్టలేనంత దగ్గరి లెక్క వస్తుంది.

షాపువాళ్ళ "రెండు నెలలు" అన్న మాటను మాత్రం పట్టుకోకండి. అది వయసు కాదు, అమ్మకపు మాట. గినీ పిగ్ పిల్ల ఎలుక పిల్లలా కళ్ళు మూసుకుని, ఒంటిమీద బొచ్చు లేకుండా పుట్టదు. కళ్ళు తెరుచుకుని, ఒళ్ళంతా బొచ్చుతో, పళ్ళతో పుడుతుంది. కొన్ని గంటల్లో పరుగెత్తుతుంది, ఒకటి రెండు రోజుల్లో గడ్డి కొరకడం మొదలుపెడుతుంది. అందుకే వారం పిల్లను చూసి రెండు నెలలనుకునేవాళ్ళున్నారు.

పుట్టినప్పుడు బరువు 70–100 గ్రాములు ఉంటుంది. ఒకే పిల్ల పుడితే ఇంకాస్త ఎక్కువ, ఒక ఈతలో ఐదారు పుడితే తక్కువ. మూడు వారాలకు 200 అటూ ఇటూ, రెండు నెలలకు 400–500, మూడు నెలలకు 550–650. ఆరు నెలలకల్లా 700 దాటుతుంది. ఆ తర్వాత ఎదుగుదల మందగించినా ఏడాది దాకా కొద్దికొద్దిగా సాగుతుంది. పూర్తిగా ఎదిగిన ఆడది 700–900 గ్రాములు, మగది 900–1200 గ్రాములు. తిండి సరిగా పడనివి ఈ లెక్కకు కింద ఉంటాయి. కనుక అంకె కంటే అంకె కదలిక ముఖ్యం.

దానికి ఆరు వారాల పుస్తకం పెట్టండి. వారానికోసారి, అదే రోజు, అదే వేళకు, పొద్దున మేత పెట్టకముందు తూచండి. త్రాసు మీద లోతైన గిన్నె పెట్టి, అందులో గుడ్డ పరిచి, అంకెను సున్నాకు తెచ్చి, అప్పుడు జంతువును కూర్చోబెట్టండి. ఒట్టి పళ్ళెంలో పెడితే దూకేస్తుంది, ఆ కాళ్ళు సన్నవి, ఇట్టే విరుగుతాయి. కడుపు, మూత్రాశయం నిండి ఉన్నాయా ఖాళీగా ఉన్నాయా అన్నదాన్ని బట్టి ఒకే రోజులో 20–30 గ్రాముల తేడా మామూలే. అందుకే రోజూ తూచి కంగారు పడొద్దు. వారానికి 30–50 గ్రాములు పెరుగుతుంటే అది మూడు నెలల లోపు పిల్ల. వారానికి పది గ్రాముల చొప్పున పెరుగుతుంటే ఆరు నెలలు, ఏడాది మధ్యది. ఆరు వారాలూ 820 దగ్గరే అటూ ఇటూ ఊగిసలాడితే ఎదగడం అయిపోయినట్టే. మేత తగ్గకుండానే ఒక్కో వారం తరుగుతూ పోతే అది వయసు ప్రశ్న కాదు, జబ్బు ప్రశ్న. వారంలో 50 గ్రాములు తగ్గితే కనిపెట్టి ఉండండి. 100 తగ్గితే ఆగకుండా డాక్టర్ దగ్గరకు తీసుకెళ్ళండి.

ఇక ఒళ్ళు. తువ్వాలు మీద కూర్చోబెట్టి, పగటి వెలుతురులో చూడండి. ముందుకాళ్ళకు నాలుగేసి, వెనక కాళ్ళకు మూడేసి, మొత్తం 14 గోళ్ళు. చిన్నదానివి సన్నగా, తిన్నగా, సూదిలా, వెలుతురు దూరేలా ఉంటాయి. వయసు మీద పడ్డదానివి మందంగా, పసుపు తిరిగి, గీతలు పడి, పక్కకు మెలితిరుగుతాయి. అరికాళ్ళు లేతగా, గులాబీ రంగులో ఉంటే వయసు తక్కువ. గట్టిపడి, ముందు అరికాలి పక్కన మాంసపు కొమ్ములాంటి పొర లేచి ఉంటే వయసు ఎక్కువ. చెవుల అంచులు పలచగా, చీలికల్లేకుండా ఉండడం చిన్నతనపు గుర్తే కానీ బలహీనమైన గుర్తు. ఇంకో మగదానితో ఒక్కసారి పోట్లాడితే ఆరు నెలలదానికి కూడా చెవి చిరుగుతుంది.

మీది మగది కాబట్టి వెనకవైపు ఇంకో రెండు చూడొచ్చు. మూడు నాలుగు నెలలకల్లా మలద్వారానికి రెండు పక్కలా వృషణాల ఉబ్బు స్పష్టంగా తెలుస్తుంది. అది కనబడకపోతే చిన్నదన్నమాట. రెండోది, తోక ఉండాల్సిన చోట, నడుము చివర, జిడ్డు గ్రంథి ఉంటుంది. ఎదిగిన మగవాటికి అక్కడ బొచ్చు అట్టకట్టి, ముట్టుకుంటే మైనంలా అంటుతుంది. బాగా వయసు మళ్ళిన మగవాటికి మలద్వారం దగ్గరి కండరం వదులై, మెత్తటి పెంట లోపల సంచిలో ముద్దకడుతుంది. ఒకరకమైన పాడు వాసన వస్తుంది. అలా ఉంటే రోజు విడిచి రోజు రెండు చుక్కల కొబ్బరినూనె రాసి, వేలితో మెల్లగా ముద్దను బయటికి నెట్టాలి. ఎలా నెట్టాలో మొదటిసారి డాక్టర్ దగ్గరే నేర్చుకోండి.

ఇక నడక. వయసులో ఉన్నది, ఊరికే, ఉన్నచోటనే పేలాలు పేలినట్టు గాల్లోకి ఎగురుతుంది. నాలుగైదేళ్ళది ఆ పని మానేస్తుంది, వెన్ను మీద చెయ్యేస్తే ఎముక తగులుతుంది, తొడల కండ తగ్గుతుంది.

ఈ గుర్తుల్లో మూడు నాలుగు ఒకేవైపు చూపిస్తే నమ్మండి. ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకండి. మూడు నెలల లోపు, ఏడాది లోపు, ఏడాది నుంచి నాలుగు, నాలుగు పైన అని నాలుగు గళ్ళు గీసి, మీ జంతువు ఏ గడిలో పడుతుందో పెన్సిల్‌తో రాయండి. చిన్నతనంలో వారాల తేడాతో చెప్పొచ్చు, ఎదిగాక ఏడాది అటూ ఇటూగానే చెప్పగలం. కచ్చితంగా "రెండేళ్ళ మూడు నెలలు" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

ప్రశ్న: మేం వ్యవసాయం చేసేవాళ్ళం. ఎడ్ల పళ్ళు చూసి వయసు చెబుతాం. బండలాగుడు పోటీల్లో పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు అని ఉంటాయి కదా. మా మనవరాలు తెచ్చుకున్న గినీ పిగ్‌కు కూడా అలా చూడొచ్చా?
– నరసరావుపేట

జవాబు: చూడలేరండీ. ఎద్దుకు పాలపళ్ళు ఊడి శాశ్వత పళ్ళు జతలు జతలుగా ఒక క్రమంలో వస్తాయి, అందుకే మీ లెక్క నిలుస్తుంది. గినీ పిగ్‌కు పాలపళ్ళు తల్లి కడుపులో ఉండగానే పోతాయి. పుట్టేసరికి శాశ్వత పళ్ళతోనే ఉంటుంది. మొత్తం 20: ముందు పైన రెండు, కింద రెండు, దవడల్లో 16. పైగా అన్నీ చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి. పెరిగినంతా గడ్డి నమలడంలో అరుగుతుంది. కాబట్టి పొడవు, అరుగుదల ఏదీ ఏళ్ళు చెప్పదు, తిన్న మేత మాత్రం చెబుతుంది. ముందు పళ్ళు తెల్లగా ఉండాలి. ఎలుకకు నారింజ రంగు సహజం, దీనికి కాదు.

ఒక్కటి చూసుకోండి. గడ్డం తడిగా ఉన్నా, మేత నోట్లో పెట్టుకుని జారవిడుస్తున్నా, దవడ పళ్ళు పెరిగి నాలుక మీద వంతెనలా కమ్ముకుంటున్నాయేమో అనుమానించాలి. ముసలితనంలో ఎక్కువే గానీ గడ్డి లేకుండా గింజలు, గుళికల మీద పెరిగిన ఏడాదిదానికీ వస్తుంది. ముందు పళ్ళను ఇంట్లో నెయిల్ కట్టర్‌తో కత్తిరించే పని పెట్టుకోకండి, నిలువునా చీలుతాయి.

ప్రశ్న: నాకు ఇచ్చిన గినీ పిగ్ గోళ్ళు అంగుళం పొడవు, వంకర తిరిగి పసుపు రంగులో ఉన్నాయి. చాలా ముసలిదని మా ఆడపడుచు అంటోంది. కానీ చురుగ్గానే ఉంది. గోళ్ళు చూసి చెప్పొచ్చా అమ్మా?
– వరంగల్

జవాబు: కత్తిరించి రెండు నెలలు ఆగి చూడండి, అప్పుడు చెప్పొచ్చు. మెత్తటి గుడ్డ మీదో, ఇనుప జాలీ మీదో ఉంచి ఎవరూ గోళ్ళు తీయకపోతే ఏడాది తిరగని దానికీ ఇలాగే వంకరపోతాయి. తీశాక కొత్తగా వచ్చేవి సన్నగా, తిన్నగా వస్తే అది చూసేవాళ్ళు లేక అలా అయిందే, వయసు వల్ల కాదు. మళ్ళీ మందంగానే, పక్కకే తిరిగి వస్తే మీ ఆడపడుచు మాటలో నిజముంది.

అంత పొడవు ఒక్కసారే తీయకండి. గోరు పెరిగేకొద్దీ లోపలి రక్తనాళం కూడా వెంట సాగుతుంది. తెల్లగోళ్ళలో అది గులాబీ గీతలా కనిపిస్తుంది. నల్లగోళ్ళయితే కింద నుంచి ఫోన్ టార్చి వేయండి. నాళం చివరికి 2 మిల్లీమీటర్లు ముందే ఆగి, వారం పది రోజులకోసారి కొద్దికొద్దిగా తీస్తూ పోతే నాళం వెనక్కి తగ్గుతుంది. రక్తం వస్తే కార్న్‌ఫ్లోర్ అద్ది రెండు నిమిషాలు నొక్కి పట్టండి. ఒకరు ఒళ్ళో పెట్టుకుని కీరా ముక్క తినిపిస్తుంటే ఇంకొకరు తీయడం తేలిక. దారికొచ్చాక మూడు నాలుగు వారాలకోసారి చాలు.

అరికాలు కూడా తిప్పి చూడండి. ఎర్రగా వాచి, మధ్యలో పెచ్చు కట్టి ఉంటే అది జాలీ నేల, తడి పడక తెచ్చిన పుండు. ఎముక దాకా పోతుంది, ఆలస్యం చేయకూడదు.

ప్రశ్న: దత్తత తెచ్చుకుని నెల అయింది. కదలడానికి ఇష్టపడదు, ఎత్తుకుంటే కీచుమంటుంది, బొచ్చు బిరుసెక్కింది. ఇంతకుముందు ఉన్నవాళ్ళు కుందేళ్ళ మేత, చపాతీ, క్యారెట్ పెట్టేవారట. మేమూ అదే పెడుతున్నాం. బాగా ముసలిదేమో అని దిగులుగా ఉంది.
– విశాఖపట్నం

జవాబు: వయసు సంగతి పక్కన పెట్టండి. మీరు రాసిన మేతలో విటమిన్ సి దాదాపు లేదు. మనిషిలాగే గినీ పిగ్ కూడా దాన్ని ఒంట్లో తయారు చేసుకోలేదు, తిండిలోనే రావాలి. కుందేలు తయారు చేసుకోగలదు, అందుకే కుందేళ్ళ గుళికల్లో అది కలపరు. విటమిన్ సి లేకుండా రెండు మూడు వారాలు గడిస్తే చాలు, స్కర్వీ మొదలవుతుంది. కీళ్ళు వాచి నొప్పెడతాయి, బొచ్చు రేగుతుంది, బరువు పోతుంది, చూడ్డానికి అచ్చం ముసలితనమే. ఎత్తుకుంటే అరవడం ఆ నొప్పికే.

రోజుకు కిలో బరువుకు 10–30 మిల్లీగ్రాములు కావాలి. 30–40 గ్రాముల క్యాప్సికమ్ ముక్కలు, లేదా 10–15 గ్రాముల జామ ముక్క ఇస్తే మామూలు రోజుకు సరిపోతుంది. ఉసిరి అయితే చిటికెడు ముక్క చాలు. పెద్ద ఉసిరి సంగతి చెబుతున్నాం, పుల్లటి రాచ ఉసిరి వేరు. పాలకూరలో ఆక్సలేట్ ఎక్కువ, రోజూ వద్దు. నీళ్ళలో విటమిన్ చుక్కలు కలపడం దండగ. కొన్ని గంటల్లో బలం పోతుంది, రుచి మారి నీళ్ళు తాగడం మానేస్తుంది. చపాతీ ఆపేయండి. మేతలో ముప్పాతిక భాగం గడ్డే ఉండాలి. పురుగుమందులు కొట్టని చోట కోసిన గరిక, నీడన ఆరబెట్టిన గడ్డి మంచివి. వరిగడ్డి పరుపుకు పనికొస్తుంది, మేతకు చాలదు.

ఇప్పటికే లక్షణాలున్నాయి కాబట్టి డాక్టర్‌కు చూపించండి, మొదట్లో మోతాదు ఇంకా పెద్దది కావాలి. వెళ్ళినప్పుడు ఒకమాట గుర్తుచేయండి: అమాక్సిసిలిన్, పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే గినీ పిగ్ పేగుల్లోని మంచి బాక్టీరియా చచ్చి ప్రాణం మీదికొస్తుంది. కుక్కలనే ఎక్కువగా చూసే చోట ఈ సంగతి పొరపాటున జారిపోవచ్చు. వారం పది రోజుల్లో మళ్ళీ చకచకా తిరిగితే మీ "ముసలిది" ఏడాదిదే కావచ్చు.

ప్రశ్న: మా ఆడ గినీ పిగ్ ఒంటరిగా ఉందని తోడు తేవాలనుకుంటున్నాం. మగదాన్ని తెస్తే పిల్లలు పుడతాయని మా పాప సంబరం. దీని వయసు తెలియదు. 750 గ్రాములు. కలపవచ్చా?
– రాజమహేంద్రవరం

జవాబు: వద్దు. వయసు తెలియకపోవడమే కారణం. ఆడదాని కటి ఎముకలు ముందువైపు కలిసే కీలు, మొదటి ఈత ఆరేడు నెలల లోపు జరగకపోతే గట్టిపడిపోతుంది. ఆ తర్వాత కాన్పులో తగినంత తెరుచుకోదు. పిల్లలేమో పూర్తిగా తయారై, పెద్ద తలలతో పుడతాయి. అడ్డంపడితే ఆపరేషనే గతి, అదీ గట్టెక్కించకపోవచ్చు. 750 గ్రాములున్న ఆడది ఆ గడువు దాటి ఉండే అవకాశమే ఎక్కువ.

పొదుగు చూస్తే ఇంతకుముందు ఈనిందో లేదో కొంత తెలుస్తుంది. రొమ్ము మొనలు మగవాటికీ రెండు ఉంటాయి కానీ, పాలిచ్చిన ఆడదానివి సాగి వేలాడతాయి. రెండు డొక్కల్లోనూ ఒకే తీరున, దురద లేకుండా బొచ్చు రాలుతుంటే అండాశయాల్లో నీటి తిత్తులు ఉండవచ్చు. ఏడాదిన్నర దాటినవాటిలో ఇవి చాలా మామూలు, వయసుకు అదో సూచన. కాకపోతే నిండు చూలులోనూ బొచ్చు పలచబడుతుంది. అందుకే ఇంకో జాగ్రత్త: ఈమధ్యే మగవాటితో కలిసి ఉన్నచోటి నుంచి తెచ్చి ఉంటే, తెచ్చిన రోజు నుంచి 72 రోజులు లెక్కపెట్టండి. చూలు 59 నుంచి 72 రోజులు. అన్నాళ్ళూ పెరిగే బరువును ఎదుగుదల కింద లెక్కేస్తే వయసు తప్పుతుంది. ఒకవేళ ఈనితే, కొన్ని గంటల్లోనే మళ్ళీ ఎదకు వస్తుంది. మగపిల్లల్ని మూడు వారాలకే వేరు చేయాలి.

తోడు కావాలంటే ఇంకో ఆడదాన్ని తెచ్చి, రెండు మూడు వారాలు వేరే గదిలో ఉంచి, జబ్బేమీ లేదని తేలాక కలపండి.

ప్రశ్న: కంటి మూలన తెల్లటి పాలలాంటి ద్రవం వస్తోంది. ముసలితనపు శుక్లమా?
– కరీంనగర్

జవాబు: ఆ ద్రవంతోనే అది ముందుకాళ్ళు తడిపి మొహం తుడుచుకుంటుంది. రోజుకు కొన్నిసార్లు రావడం సహజం, కాసేపట్లో పోతుంది. ఎప్పుడూ కారుతూ, పెచ్చు కడితే చూపించాలి. శుక్లం అంటే కంటి పాప మధ్యలో తెలుపు. అది ముసలితనంలోనే వస్తుందనుకోకండి, పుట్టుకతోనూ వస్తుంది, షుగర్ వచ్చిన చిన్నవాటికీ వస్తుంది. రెండు కళ్ళలోనూ సమానంగా నీలిబూడిద పొర కమ్మితే మాత్రం వయసు వైపు ఒక గుర్తుగా రాసుకోవచ్చు.

ప్రశ్న: ఇక్కడ షెల్టర్ నుంచి దత్తత తీసుకున్నాం. కాగితంలో పుట్టిన తేదీ రెండేళ్ళ కిందటిదని వేశారు. కానీ షెల్టర్‌లో చేరిన తేదీ, పుట్టిన తేదీ ఒకటే, ఏడాది మాత్రం వేరు. ఇది నిజమేనా?
– డాలస్, అమెరికా

జవాబు: మీ అనుమానం సరైందే. అది పుట్టిన తేదీ కాదు, చేరిన రోజు నుంచి అంచనా వయసును వెనక్కి తీసేసిన తేదీ. అబద్ధమని కాదు, అంచనా అని చదువుకోండి. దాన్ని విడిచిపెట్టిన పాత యజమాని ఏం చెప్పారో, దారిలో దొరికిందో అడగండి. మొదటిదైతే విలువ ఎక్కువ.

ప్రశ్న: ఎక్స్‌రే తీస్తే వయసు తెలుస్తుందా? మొత్తం ఎన్నేళ్ళు బతుకుతుంది?
– తిరుపతి

జవాబు: ఎముకల చివర పెరిగే పొరలు ఇంకా తెరిచి ఉన్నాయా, మూసుకున్నాయా అన్నది కనిపిస్తుంది. తెరిచి ఉంటే చిన్నది. మూసుకుంటే "ఎదిగింది" అని మాత్రమే. దీనికోసమే ఎక్స్‌రే తీయించడం డబ్బు దండగ. మూత్రంలో రక్తం కనబడి రాయి కోసమో, మోకాలి నొప్పికో ఎలాగూ తీయిస్తే అదే ఫిల్మ్‌లో చూడమనండి.

ఐదు నుంచి ఎనిమిదేళ్ళు మామూలు. గిన్నిస్ రికార్డు ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌షైర్‌లో 1979లో చనిపోయిన స్నోబాల్ అనే దానిది, 14 ఏళ్ళ పదిన్నర నెలలు. మీదాని ఏళ్ళను తేల్చేది పుట్టిన తేదీ కంటే ముందు తిరుపతి ఎండ. గది 28–30 డిగ్రీలు దాటితే వీటికి వడదెబ్బ ప్రమాదం మొదలవుతుంది. పక్కకు ఒరిగి, నోరు తెరిచి రొప్పుతుంటే చెవులను, పాదాలను చల్లని నీళ్ళతో తడుపుతూ డాక్టర్ దగ్గరకు వెళ్ళండి. ఐసు నీళ్ళలో ముంచకండి. ఏప్రిల్ రాకముందే పంజరాన్ని బాల్కనీలోంచి లోపలికి, నేల చల్లగా ఉండే గదిలోకి మార్చండి.